స్తుతి పాటకూ కన్నీటికీ ఒకే ఇంట్లో చోటుందా?

ఒక పాఠకుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన వయసు 38. తమ క్రైస్తవ సంఘంలో పాటల బృందాన్ని నడిపిస్తారు. పది నెలల క్రితం వారి ఒక్కగానొక్క కూతురు, ఆరేళ్ల పాప, కొద్ది రోజుల జ్వరంతో చనిపోయింది. ఆ తర్వాత రెండో ఆదివారమే ఆయన మళ్లీ వేదిక ఎక్కి పాడారు. ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను’ అని సాక్ష్యం చెప్పారు. ఆయన విశ్వాసాన్ని అందరూ మెచ్చుకున్నారు. భార్య మాత్రం ఆరాధనకు రావడం మానేసింది. సాయంత్రమయ్యేసరికి పాప బూట్ల జత ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎడమ బూటు పట్టీ తెగితే కుట్టిస్తానని ఆయన అప్పట్లో వాయిదా వేస్తూ వచ్చారట. అది ఇప్పటికీ తెగే ఉంది.

ఆమెను ఓదార్చాలని ఆయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి’ అని రాసి వంటగది తలుపుకు అంటించారు. మూడో రోజు ఆమె దాన్ని చింపేసింది. “ఆ మాట నాకు చూపించకండి. రాసినవాడి బిడ్డ చచ్చిపోలేదు” అంది. అప్పటి నుంచి ఇద్దరి మధ్యా అవసరానికి మించి మాటల్లేవు. దుఃఖం హద్దు దాటితే అవిశ్వాసమేనని సంఘ పెద్దలు అంటున్నారు. వచ్చే నెల సంఘ వార్షికోత్సవంలో ‘శ్రమలో సంతోషం’ అనే అంశం మీద భార్యాభర్తలిద్దరూ సాక్ష్యం చెప్పాలని పాస్టరుగారు అడిగారు. తన భార్య ఏడుపు దేవునికి అవిధేయత అవుతుందా, ఆమెను తిరిగి సంతోషంలోకి ఎలా తీసుకురావాలి, వేదిక ఎక్కాలా వద్దా అన్నవి ఆయన ప్రశ్నలు. ఉత్తరం చివర, సంతకానికి ముందు, మరో మాట ఉంది: “నాకు కూడా ఒక్కోసారి బస్సులో కళ్లు నిండిపోతాయి. అది బలహీనత అని వెంటనే మనసులో ఒక స్తుతి పాట అందుకుని ఆపుకుంటాను.”

సమాధానం:

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం మీ భార్య గురించి ఉంది. నాకు మాత్రం ఆ బస్సు గురించిన వాక్యం దగ్గర కన్ను ఆగింది. అక్కడికి తర్వాత వస్తాను. ముందుగా మీరు తలుపుకు అంటించిన వాక్యం సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో తగువు మొదలైంది దాని దగ్గరే.

ఆ మాట బైబిలులో, తొలినాటి సంఘ బోధకుడు పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలోది. పౌలు అది రాసినప్పుడు సంకెళ్లలో ఉన్నాడు, ఆ సంగతి మొదటి అధ్యాయంలో ఆయనే చెప్పుకున్నాడు. మీ పెద్దలు కూడా ఇది మీకు చెప్పే ఉంటారు: ‘చూడండి, చెరసాలలో ఉండి కూడా ఆనందించమన్నాడు’ అని. నిజమే. కానీ ఆ పత్రిక నాలుగు అధ్యాయాలే కదా, మొత్తం ఒక్క కూర్చోవడంలో చదవండి. రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు అనే సహచరుడి ప్రస్తావన ఉంది. అతను జబ్బుపడి చావు అంచుదాకా వెళ్లి బతికాడు. దేవుడు అతని మీదే కాక ‘నాకు దుఃఖముమీద దుఃఖము కలుగకుండుటకై’ నా మీద కూడా కనికరపడ్డాడని పౌలు రాశాడు. ఆ మిత్రుడు చనిపోయి ఉంటే తాను దుఃఖంలో మునిగేవాడినని, అప్పటికే ఒక దుఃఖం తన మీద ఉందని ఒప్పుకుంటున్నాడు. మూడో అధ్యాయంలో, కొందరి నడవడి గురించి రాస్తూ, ఏడుస్తూ చెబుతున్నానన్నాడు. ఎల్లప్పుడూ ఆనందించమన్న మనిషి అదే పత్రికలో ఏడ్చాడు, దుఃఖానికి భయపడ్డాడు. తనను తాను ఖండించుకుంటున్నానని ఆయనకు ఎక్కడా తోచలేదు.

మీ భార్య అన్న మాట కటువుగా ఉన్నా అందులో నిజముంది. పౌలుకు పిల్లలున్నట్టు లేఖనాల్లో ఎక్కడా లేదు. అయితే ఆయన చేతిలో ఆ వాక్యం ఒకరకం, మన చేతిలో మరోరకం. దెబ్బలు తిన్నవాడు తోటి బాధితులకు రాసుకున్న మాట అది. ఫిలిప్పీ సంఘం కూడా అప్పుడు శ్రమల్లోనే ఉంది. మన దగ్గరికి వచ్చేసరికి అది కూడిక ముగిశాక హాయిగా ఇంటికి వెళ్లి భోంచేసేవాళ్లు కడుపుకోత పడ్డ మనిషికి అప్పగించే పాఠమైంది. అక్షరం మారలేదు, పలికే నోరు మారింది. ఈ తేడా బైబిలుకు తెలియదనుకోకండి. సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో ‘దుఃఖచిత్తునికి పాటలు వినుపించువాడు’ చలి రోజున పై బట్ట లాగేసేవాడి లాంటివాడని ఉంది. పాటల బృందాలున్న ప్రతి చోటా ఆ వచనాన్ని చదివి వినిపిస్తే మంచిదని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక ‘అవిశ్వాసం’ అన్న మాట. పెద్దలు ఏ వచనాల మీద నిలబడి ఆ మాట అంటున్నారో ఊహించగలను. యాకోబు పత్రికలో శోధనల్లో పడ్డప్పుడు మహానందమని ఎంచుకోమని ఉంది. యేసు కొండమీది ప్రసంగంలో నిందించి హింసించినప్పుడు సంతోషించి ఆనందించమని ఉంది. అపొస్తలుల కార్యాల ఐదో అధ్యాయంలో శిష్యులు దెబ్బలు తిని సంతోషిస్తూ వెళ్లారని ఉంది. వీటిని మెత్తబరచి చెప్పను, అవి గట్టి మాటలే. కానీ రెండోదీ మూడోదీ ఏ శ్రమ గురించో చూడండి. విశ్వాసం కోసం తమంతట తాము ఎదుర్కొన్న హింస అది. ఆ మనుషులు కావాలంటే వెనక్కి తగ్గి తప్పించుకోగలిగేవారు. ఆరేళ్ల పాపకు వచ్చిన జ్వరం ఆ కోవలోకి రాదు. యాకోబు ‘నానా విధములైన శోధనలు’ అన్నాడు కాబట్టి ఆయన మాట ఇంకా విశాలమైనదే, ఒప్పుకుంటాను. అయితే అదే యాకోబు ఐదో అధ్యాయంలో శ్రమ కలిగినవాడు ప్రార్థన చేయాలని, సంతోషం కలిగినవాడు కీర్తనలు పాడాలని రెండుగా విడదీసి చెప్పాడు. శ్రమలో ఉన్నవాడి చేతికి ఆయన పాటల పుస్తకం ఇవ్వలేదు.

మరి ఆ తొలి సంఘం చావు ఎదురైనప్పుడు ఏం చేసింది? స్తెఫను మొదటి హతసాక్షి, అంటే విశ్వాసం కోసం చంపబడినవాడు. ఆకాశం తెరుచుకోవడం చూస్తూ చనిపోయాడు. అంతకంటే ధన్యమైన మరణం మరొకటి ఉంటుందా? అయినా భక్తిగల మనుషులు అతన్ని సమాధి చేసి ‘బహుగా ప్రలాపించిరి’ అని అపొస్తలుల కార్యాల ఎనిమిదో అధ్యాయం చెబుతోంది. ప్రలాపించినవాళ్లను ఆ గ్రంథం ‘భక్తిగల’వాళ్లనే అంది. చనిపోయిన మిత్రుడు లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఆ సమాధి దారిలో కన్నీళ్లు విడిచాడు. థెస్సలొనీకయులకు పౌలు రాసినదీ దుఃఖపడవద్దని కాదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని.

బూట్ల జత గురించి రాసినప్పుడు మీ కలంలో కొంచెం విసుగు కనిపించింది. అపొస్తలుల కార్యాలు తొమ్మిదో అధ్యాయం తీయండి. బీదలకు మేలు చేసే దొర్కా చనిపోయింది. యేసు శిష్యుడు పేతురు మేడగదిలోకి వెళ్లేసరికి విధవరాళ్లందరూ ఏడుస్తూ, ఆమె బతికుండగా కుట్టిన అంగీలనూ బట్టలనూ ఆయనకు చూపిస్తూ నిలబడ్డారు. ‘వస్తువుల మీద మమకారం వదలండి’ అని పేతురు మందలించినట్టు అక్కడ లేదు. వాళ్లు చూపించారు, ఆయన చూశాడు. ఆ తర్వాత పేతురు ఆమెను లేపాడు, మీ పాప లేవలేదు. ఆ తేడాను దాటేసి మాట్లాడితే మిమ్మల్ని మోసం చేసినట్టే. లేవడం మన చేతిలో లేదు. చూడటం మాత్రం మన చేతిలో ఉన్న పనే, పది నెలలుగా మీ ఇంట్లో జరగని పని కూడా అదే. ఒక సాయంత్రం ఆ బూట్ల పక్కన మీరూ కూర్చోండి. పట్టీ కుట్టించమంటావా, అలాగే ఉంచమంటావా అని ఆమెను అడగండి. కుట్టించకపోవడం గురించి మీ మనసులో ఏదైనా ముల్లు ఉంటే, ఉందనే నా అనుమానం, అది కూడా అక్కడే చెప్పండి.

బస్సు దగ్గరికి వస్తాను. ఉప్పొంగిన కన్నీటి మీద మీరు వెంటనే ఒక స్తుతి పాట మూత పెడుతున్నారు. పాట మీకు ప్రాణమని తెలుస్తోంది. పాడటం మానమని అనను. పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి పాడారని మీరూ ఉదాహరించారు. వాళ్లు వీపు మీద పచ్చి గాయాలతో పాడారు, గాయాలు లేవని చెప్పడానికి పాడలేదు. తెల్లవారాక న్యాయాధిపతులు రహస్యంగా పంపించేయబోతే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు కాబట్టి వాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. రాత్రి పాడిన పాట పొద్దున ఆ అన్యాయాన్ని చిన్నది చేయలేదు.

ఆస్తినీ పదిమంది బిడ్డలనూ పోగొట్టుకున్న యోబు మాటనే మీరు సాక్ష్యంలో చెప్పారు. అది కూడా అంతే. ‘యెహోవా ఇచ్చెను’ అన్నది మొదటి అధ్యాయం. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే యోబు తాను పుట్టిన దినాన్ని శపిస్తాడు, ఆ తర్వాత అధ్యాయాల పొడుగునా దేవునితో వాదిస్తాడు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు కోపగించింది యోబు మీద కాదు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు మౌనంగా పక్కన కూర్చుని, నోరు తెరవగానే సిద్ధాంతాలు చెప్పిన స్నేహితుల మీద. వాళ్లు యోబు పలికినట్టు తనను గురించి యుక్తంగా పలకలేదన్నాడు. ఇంకొకటి చూడండి. యోబు భార్యను ప్రసంగాల్లో ఎంత తేలిగ్గా తిట్టిపోస్తారో! చనిపోయిన ఆ పదిమంది ఆమెకు కూడా బిడ్డలేనని ఎవరికీ గుర్తుండదు. దేవుడు చివర్లో మందలించినవాళ్ల జాబితాలో ఆమె లేదు.

సంఘం మిమ్మల్ని మొదటి అధ్యాయం దగ్గరే నిలబెట్టి చప్పట్లు కొట్టింది. మీరు దిగలేకపోతున్నారు. మీ భార్య మూడో అధ్యాయంలో ఉంది. ఇద్దరూ ఒకే గ్రంథంలోనే ఉన్నారు. మీరు విశ్వాసం, ఆమె అవిశ్వాసం అన్న పంపకం ఎవరు చేశారో గానీ, ఇంటికి చెడు చేసిన పంపకం అది. మీ వంతు దుఃఖం కూడా ఆమే మోస్తోందేమో ఆలోచించండి. ఇంట్లో ఒకరు అసలు ఏడవకపోతే రెండోవారు ఆపలేరు.

అంటే సంతోషం గురించిన మాటలన్నీ పక్కన పెట్టమంటున్నానా? లేదు. హబక్కూకు ప్రవక్త గ్రంథం చివరి వచనాలు మీకు నోటికి వచ్చే ఉంటాయి: అంజూరపు చెట్లు పూయకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తానన్న మాటలు. అలా చెప్పగలగడం గొప్పదే. కానీ అది మూడో అధ్యాయం ముగింపు. మొదటి అధ్యాయంలో ఆయన ‘ఎన్నాళ్లు మొరపెట్టినా ఆలకించవా’ అని నిలదీశాడు. ఆనందానికి ఒక్క వచనం ముందు కూడా పెదవులు వణుకుతున్నాయనీ ఎముకలు కుళ్లిపోతున్నాయనీ అన్నాడు. పైగా ‘నేను ఆనందించెదను’ అన్నాడు, పక్కవాడిని ఆనందించమనలేదు. పేతురు మొదటి పత్రికలో సంతోషమూ దుఃఖమూ ఒకే వాక్యంలో ఉన్నాయి, ఒకటి పోతేనే రెండోది వస్తుందన్న షరతు లేదు.

నాకు మరీ నచ్చిన చోటు ఎజ్రా మూడో అధ్యాయం. క్రీ.పూ. 586లో కూలిపోయిన యెరూషలేము మందిరానికి బబులోను చెరనుంచి తిరిగొచ్చినవాళ్లు మళ్లీ పునాది వేశారు. యాజకులు బూరలు ఊదారు, లేవీయులు తాళాలు కొట్టారు. పాత మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు మాత్రం ఆ కొత్త పునాదిని చూసి గట్టిగా ఏడ్చారు. మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేశారు. ఏది సంతోష శబ్దమో ఏది ఏడుపు శబ్దమో జనం తెలుసుకోలేకపోయారట, ఆ ధ్వని చాలా దూరం వినిపించిందట. ముసలివాళ్లను నోరు మూసుకోమని ఎవరూ అన్నట్టు లేదు, ఏడుపు ఆగేదాకా పాట ఆపినట్టూ లేదు. మీ ఇంటికి నేను కోరుకునేది అలాంటి రోజు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏది ఎంచుకున్నా దానికో ఖరీదుంది.

ఉన్నది ఉన్నట్టు కొనసాగించవచ్చు. మీరు పాడుతూ ఉంటారు, ఆమె మారే రోజు కోసం చూస్తారు, వార్షికోత్సవంలో ఒక్కరే సాక్ష్యం చెబుతారు. సంఘంలో మీ గౌరవం చెక్కుచెదరదు. ఇంట్లో మాత్రం, మన బిడ్డ చావును వేదిక మీద పెట్టుకున్నాడు అన్న భావం ఆమెలో గట్టిపడుతుంది. ఆమె పేరెత్తకపోయినా ఆమె గైర్హాజరును అందరూ సాక్ష్యంలో రెండో భాగంగా చదువుకుంటారు. ఇది వద్దనే చెబుతాను.

కొన్నాళ్లు వేదిక దిగి ఆమెతో ఇంట్లో ఉండవచ్చు. ఇందులో నిజాయితీ ఉంది. కానీ పాట మిమ్మల్ని ఇన్నాళ్లు నిలబెట్టిన ఊతం కూడా కావచ్చు. ఒక్కసారిగా వదిలేస్తే మీరు కూలిపోయి, ‘నీ వల్లే మానేశాను’ అన్న మాట ఎప్పుడో ఒకప్పుడు నోరు జారే ప్రమాదం ఉంది. మానేసేటట్టయితే మీ కోసం మానండి, ఆమె లెక్కలో రాయకండి.

మధ్యస్థంగా ఇంకొకటి ఉంది: పాడుతూనే ఉండండి, కానీ ఏం పాడుతున్నారో మార్చండి. కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనల్లో విలాపాలు చాలా ఉన్నాయి, మన ఆదివారపు జాబితాల్లో అవి కనబడవు. 88వ కీర్తన చదవండి. అది ఓదార్పుతో ముగియదు. ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అన్నచోట ఆగిపోతుంది. దాని పైన ‘ప్రధానగాయకునికి’ అని రాసి ఉంది, అంటే మీ పనిలో ఉన్నవాడికే అప్పగించిన పాట. అది ఒక ఆదివారం చదివి, వెనకాల వ్యాఖ్యానం ఏదీ చేర్చకుండా కూర్చోండి. కొందరు ముఖం చిట్లిస్తారు. ఒకరిద్దరు పెద్దలు మిమ్మల్ని పక్కకు పిలిచి మందలించవచ్చు. బయటికి చెప్పుకోలేని దుఃఖంతో అక్కడే మీ ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా ఆ రోజే బయటపడతారు.

సాక్ష్యం విషయంలో పాస్టరుగారితో విడిగా, పెద్దలు లేనప్పుడు మాట్లాడండి. ఇద్దరం రాలేమని ముందు చెప్పండి. ఆమె తరఫున క్షమాపణ చెప్పకండి. మీరొక్కరే మాట్లాడాలనుకుంటే ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే వెళ్లండి. వెళితే బస్సు సంగతి కూడా చెప్పండి. అది చెప్పే ధైర్యం ఇంకా లేదనిపిస్తే ఈ ఏడాది సాక్ష్యం వద్దనుకోండి. పాస్టరుగారు అర్థం చేసుకుంటే మీకు తోడు దొరికినట్టు. అర్థం చేసుకోకపోతే, ఏ సంఘంలో మీరిద్దరూ ఏడవగలరు అన్న ప్రశ్న మీ ముందుకు వస్తుంది. దానికి ఇప్పుడే తొందరపడనక్కర్లేదు.

మీ భార్య ఆరాధనకు రాకపోవడాన్ని నేనైతే వదిలేస్తాను. బబులోను నదుల దగ్గర చెరవాసులు వీణలు చెట్లకు తగిలించి, యెహోవా కీర్తనలు మేమెట్లా పాడగలమని అడిగారు. పాడలేమన్న ఆ మాటే 137వ కీర్తనగా గ్రంథంలో చేరింది. ఎప్పుడైనా వస్తానంటే వెనక వరుసలో కూర్చుని, అందరూ చుట్టుముట్టక ముందే ఇద్దరూ లేచి వచ్చేయండి.

వాక్యాలతో తీరని విషయం ఒకటుంది. ఏలీయా ప్రవక్త తాను చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి బోధ చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినిపించాడు. మీ భార్య సరిగా తింటోందా, నిద్రపోతోందా, బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా అందా అన్నది ఇంత పెద్ద ఉత్తరంలో మీరు ఒక్క ముక్క రాయలేదు. అలాంటి మాట వినబడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. అంత దూరం రాకపోయినా, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులతో మాట్లాడే అనుభవమున్న కౌన్సెలరును ఇద్దరూ కలిసి చూడటం మంచిది. ‘ఆమెకు వైద్యం చేయిస్తున్నాను’ అన్నట్టు కాకుండా, మీరు కూడా రోగిగానే వెళ్లండి. దీన్ని ఎవరైనా విశ్వాసం తక్కువై చేసిన పని అంటే, జ్వరం వచ్చినప్పుడు పాపను వైద్యుడి దగ్గరికి ఎందుకు తీసుకెళ్లామో వాళ్లకు గుర్తుచేయండి.

ఈ సమాధానాన్ని తలుపుకు మాత్రం అంటించకండి. ఆమె చదువుతానంటే ఇవ్వండి. ఇందులో తన గురించి తప్పుగా రాశాననిపిస్తే నాకు నేరుగా రాయవచ్చని, ఆ ఉత్తరం మీకు చూపించనక్కర్లేదని కూడా ఆమెకు చెప్పండి.